పాట ఫైల్ నుంచి చెవి దాకా: కంప్యూటర్ సౌండ్ ఎక్కడ చెడుతుంది, ఎక్కడ బాగుపడుతుంది

ఆపిల్ మ్యూజిక్ 2021లో లాస్‌లెస్ (కుదించినా అసలు అంకెల్లో ఏదీ పోని) పాటలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 సెప్టెంబరులో స్పాటిఫై కూడా అదే బాట పట్టింది. దాంతో ఇన్నాళ్లూ సౌండ్ మీద మోజున్న కొద్దిమందే మాట్లాడుకునే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్, డ్యాక్ (పాటలోని అంకెలను విద్యుత్ అలగా మార్చే సాధనం), బిట్ పర్ఫెక్ట్ లాంటి మాటలు ఇప్పుడు మామూలు శ్రోతల చెవిన కూడా పడుతున్నాయి. "లాస్‌లెస్ ఆన్ చేశాను, ల్యాప్‌టాప్‌లో తేడా ఏమీ తెలియట్లేదు, డ్యాక్ కొనాలా?" అని అడిగేవాళ్లు చాలామంది. వాళ్లకు రెండు రకాల జవాబులు దొరుకుతాయి. ఖరీదైన డ్యాక్ లేకపోతే కంప్యూటర్ సౌండ్ అసలు సౌండే కాదంటారు కొందరు. అంకెలు ఎక్కడైనా అంకెలే, అన్నీ ఒకటే అంటారు ఇంకొందరు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. ఎంత ఉందో, ఎక్కడ ఉందో తేలాలంటే పాట ఫైల్ నుంచి చెవి దాకా నడిచే దారిని మజిలీ మజిలీగా చూడాలి.

## ఫైల్‌లో ఉన్నవి అంకెలే

మైకు ముందు గాలి ఒత్తిడి ఎలా ఊగిందో సెకనుకు వేలసార్లు కొలిచి రాసిపెట్టిన అంకెల వరుసే డిజిటల్ ఆడియో. సెకనుకు ఎన్నిసార్లు కొలిచారన్నది శాంప్లింగ్ రేటు. ఒక్కో కొలతను ఎంత సన్నటి స్కేలుతో తీశారన్నది బిట్ డెప్త్. సీడీలో సెకనుకు 44,100 కొలతలు, ఒక్కోదానికి 16 బిట్లు, ఎడమా కుడీ కలిపి రెండు చానళ్లు. 44,100 × 16 × 2 = 14,11,200. అంటే సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. నాలుగు నిమిషాల పాటకు 42 ఎంబీ అవుతుంది. అదే పాట 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 9.6 ఎంబీ, 128 అయితే నాలుగు ఎంబీ కూడా ఉండదు.

44,100 అన్న ఆ వింత అంకె వీడియో టేపు నుంచి వచ్చింది. 1970ల చివర్లో అంత డిజిటల్ డేటాను దాచడానికి అందుబాటులో ఉన్న సాధనం వీడియో రికార్డరే. తెర మీది ఒక్కో గీతలో మూడు కొలతలు, ఒక్కో ఫీల్డుకు (అంటే సగం బొమ్మకు) 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. గుణిస్తే 44,100 వస్తుంది. యూరప్ టీవీ పద్ధతిలో 3 × 294 × 50 వేసినా అంతే. రెండు పద్ధతులకూ సరిపోయిన ఆ అంకే 1982లో మార్కెట్‌కొచ్చిన సీడీలోకి ఎక్కింది.

ఎంపీ3, ఏఏసీ, ఓపస్ లాంటి ఫార్మాట్లు చెవికి అందదని లెక్కగట్టిన భాగాన్ని తీసేసి సైజు తగ్గిస్తాయి. తీసేసింది మళ్లీ రాదు. వీటిని లాసీ అంటారు. ఫ్లాక్, అలాక్ లాంటివి లాస్‌లెస్. ఇవి సైజును సగానికో, మూడింట రెండొంతులకో కుదిస్తాయి కానీ, విప్పినప్పుడు అసలు అంకెలు ఒక్కటీ మారకుండా తిరిగొస్తాయి. ఫ్లాక్ కంటే అసలు కుదించని వేవ్ (WAV) ఫైల్ బాగుంటుందని కొందరు అంటారు. విప్పాక రెండింటిలోనూ ఉన్నవి అవే అంకెలని ఎవరైనా ఇంట్లోనే సరిపోల్చి చూసుకోవచ్చు.

## మెట్లమెట్లుగా గీసే ఆ బొమ్మ తప్పు

డిజిటల్ ఆడియో గురించి ఎక్కడ చదివినా ఒక బొమ్మ కనిపిస్తుంది. నున్నటి అల, దాని పక్కనే మెట్లమెట్లుగా ఉన్న డిజిటల్ అల. శాంప్లింగ్ రేటు పెంచితే మెట్లు సన్నబడి అసలు అలకు దగ్గరవుతుందని కింద వివరణ. చాలామంది అపోహకు మూలం ఇదే.

అమెరికన్ గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1949లో గణితపరంగా చూపించింది వేరు. ఒక శబ్దంలో ఉన్న అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే, ఆ కొలతల గుండా పోగలిగే అల ఆ హద్దు లోపల ఒక్కటే ఉంటుంది. డ్యాక్‌లోని ఫిల్టర్ గీసేది ఆ ఒక్క అలనే. 10 కిలోహెర్ట్జ్ స్వరాన్ని తీసుకోండి. 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్‌లో దాని ఒక్కో ఆవృత్తికి దొరికేవి నాలుగుకు కాస్త పైగా కొలతలే. కాగితం మీద ఆ చుక్కలు కలిపితే వంకరటింకరగా కనిపిస్తుంది. డ్యాక్ చివర, విద్యుత్ అలను తెర మీద చూపే ఆసిలోస్కోప్ పెడితే మాత్రం నున్నటి సైన్ వేవ్ వస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్ 22.05 కిలోహెర్ట్జ్ దాకా మోయగలదు. మనిషి చెవి హద్దు చిన్నతనంలో సుమారు 20 కిలోహెర్ట్జ్. నడివయసుకు అది చాలామందిలో 15 దగ్గరికో, ఇంకా కిందికో దిగుతుంది.

బిట్ డెప్త్ సంగతీ అంతే. ఒక్కో బిట్టు సుమారు 6 డెసిబెల్స్ ఇస్తుంది కాబట్టి 16 బిట్లకు 96, 24 బిట్లకు 144. బిట్లు తగ్గితే అలలో మెట్లు రావు. సరిగ్గా డిదర్ (బిట్లు తగ్గించేటప్పుడు కావాలని కలిపే అతి సన్నటి చప్పుడు) కలిపిన రికార్డింగ్‌లో అడుగున ఉండే సన్నటి సరసర కొద్దిగా పెరుగుతుందంతే. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గదిలోనే 30 డెసిబెల్స్ వరకు చప్పుడుంటుంది. దాని మీద 96 వేస్తే 126, చెవులు నొప్పిపుట్టే మోత. రికార్డింగ్ స్టూడియోకు 24 బిట్లు నిజంగా అవసరం. గాయకుడు ఉన్నట్టుండి గొంతు పెంచినా అల కొసలు తెగిపోకుండా (క్లిప్ కాకుండా) పైన ఖాళీ వదిలి రికార్డు చేయాలి, తర్వాత పదులకొద్దీ ట్రాకులు కలపాలి. వినేవాళ్లకు అదే అవసరం ఉందని దానర్థం కాదు.

## లాస్‌లెస్ ముద్ర దేనికి హామీ

మ్యూజిక్ కంపెనీ ఇచ్చిన ఫైల్ చెడకుండా మీదాకా వచ్చిందన్నంత వరకే లాస్‌లెస్ ముద్ర హామీ ఇస్తుంది. ఆ ఫైలే ఎలాంటిదో అది చెప్పదు. మన పాత పాటలు వినేవాళ్లు దీన్ని తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

ఘంటసాల కాలం పాటల్లో ఎక్కువ భాగం మోనో. గ్రామఫోన్ రికార్డు నుంచో, సినిమా ప్రింటు అంచున కాంతితో ముద్రించిన ఆప్టికల్ సౌండ్‌ట్రాక్ నుంచో తీసిన కాపీలు చాలా తిరుగుతుంటాయి. ఆప్టికల్ ట్రాకులో 8 కిలోహెర్ట్జ్ దాటాక పనికొచ్చే సంగీతం పెద్దగా మిగలదు. దాన్ని 192 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించినా పైన దొరికేది చిటపటలూ బురబురలే. పాత రికార్డును భద్రపరిచేవాళ్లకు, ఆ చిటపటలను శుభ్రం చేసేవాళ్లకు ఎక్కువ రేటు పనికొస్తుంది. వినేవాళ్లకు కావలసింది వేరే. ఏ కాపీ నుంచి తీశారు, ఎంత ఓపిగ్గా శుభ్రం చేశారు, మోనోను బలవంతంగా స్టీరియోగా సాగదీశారా లేదా, ఇవీ పాట తీరును నిర్ణయించేవి. జాగ్రత్తగా తీసిన మోనో ఎంపీ3 ముందు, గొంతు చుట్టూ ప్రతిధ్వని పులిమిన లాస్‌లెస్ ఫైల్ నిలవదు.

దొంగ ఫ్లాక్‌ల బెడద కూడా ఉంది. 128 కేబీపీఎస్ ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి పెడితే సైజు పెరుగుతుంది, క్వాలిటీ అక్కడే ఉంటుంది. స్పెక్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో ఆ ఫైల్‌ను తెరిస్తే పాట పొడవునా ఫ్రీక్వెన్సీల రంగుల పటం వస్తుంది. సీడీ నుంచి తీసిన ఆధునిక పాటలో రంగు 20 కిలోహెర్ట్జ్ పైదాకా పాకుతుంది, తాళాలు, సింబల్స్ మోగినచోట పైకి మెరుపుల్లా లేస్తుంది. 128 ఎంపీ3 నుంచి పుట్టిన ఫైల్‌లో సుమారు 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు రంగు ఆగిపోతుంది, పైనంతా నలుపు. పాత రికార్డింగుల్లో రంగు సహజంగానే ముందే సన్నగిల్లుతుంది కాబట్టి అక్కడ ఈ పరీక్షను నమ్మలేం. కొత్త పాటలకు మాత్రం పది సెకన్లలో గుట్టు విప్పుతుంది.

విడుదలకు ముందు పాటకు చేసే చివరి సవరణ, అంటే మాస్టరింగ్, ఇంకో ముఖ్యమైన సంగతి. 1990ల నుంచి పాటలను వీలైనంత మోతగా మాస్టర్ చేసే పోటీ నడిచింది. మెల్లగా ఉన్నచోట్లను పైకి లేపి, మద్దెల దెబ్బల కొసలు నొక్కేస్తే మొత్తం పాట ఒకే మోతలో ఉంటుంది. ఒక పాట పాత సీడీలో సగటున మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట మోతను కొలిచే ప్రమాణం, సున్నాకు దగ్గరైన కొద్దీ మోత ఎక్కువ) ఉండి, రీమాస్టర్‌లో మైనస్ 8 ఉందనుకుందాం. పక్కపక్కన పెడితే రీమాస్టర్ 8 డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది, వెంటనే అదే బాగుందనిపిస్తుంది. స్పాటిఫై లాంటి సర్వీసులు సుమారు మైనస్ 14కు సమం చేస్తాయి కాబట్టి అక్కడ రీమాస్టర్ 6 తగ్గుతుంది. మోత సమమయ్యాక నొక్కిన దెబ్బల లోటు బయటపడుతుంది. సొంత ఫైళ్లు వినేవాళ్లకు ఇదే పనిని రీప్లేగెయిన్ చేస్తుంది.

## కంప్యూటర్ లోపల అంకెలు మారే చోట్లు

ప్లేయర్‌లో పాట నొక్కగానే అంకెలు నేరుగా డ్యాక్‌కు పోవు. విండోస్‌లో వాటిని ముందు మిక్సర్ అందుకుంటుంది. పాటతో పాటు మెయిల్ వచ్చిన టింగ్‌ను, బ్రౌజర్ వీడియోను కలిపి ఒకే ధారగా పంపాలి కదా. అన్నీ ఒకే రేటులో ఉంటేనే కలుస్తాయి. సెట్టింగ్స్‌లో 48 కిలోహెర్ట్జ్ ఉండి, పాట 44.1లో ఉంటే ప్రతి 147 కొలతల స్థానంలో 160 కొత్త కొలతలు లెక్కగట్టి వేయాలి. దీన్నే రీశాంప్లింగ్ అంటారు. వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్, ఏసియో లాంటి దారులు మిక్సర్‌ను పక్కనబెట్టి ఫైల్‌లోని అంకెలను ఉన్నవున్నట్టు డ్యాక్‌కు అందిస్తాయి. ఫూబార్ 2000 లాంటి ప్లేయర్లలో ఈ వీలుంది. బిట్ పర్ఫెక్ట్ అంటే ఇదే. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో పెట్టిన రేటే సాధారణంగా నిలిచిపోతుంది, పాటను బట్టి దానంతటదే మారదు.

బిట్ పర్ఫెక్ట్ చేస్తే ఆకాశం భూమి తేడా వస్తుందా? విండోస్ విస్టా నుంచి మిక్సర్ లెక్కలన్నీ 32 బిట్ ఫ్లోటింగ్ పాయింట్‌లో జరుగుతున్నాయి. ఇప్పటి రీశాంప్లర్లు చేసే పొరపాటు మామూలు వినికిడిలో దొరకడం చాలా కష్టం. వాల్యూమ్ గురించిన భయం కూడా పాతకాలపుదే. 16 బిట్ దారిలో 20 డెసిబెల్స్ తగ్గిస్తే మూడు బిట్లకు పైగా పోయేవి. ఇప్పుడు 16 బిట్ పాట 24 బిట్ డ్యాక్‌కు వెళ్తుంది. అడుగున ఎనిమిది బిట్లు ఖాళీ, అంటే 48 డెసిబెల్స్ తగ్గించేదాకా పాటలోని బిట్లు అంకెల్లో భద్రంగానే ఉంటాయి.

చెవికి స్పష్టంగా తెలిసేవి ఇంకో రెండున్నాయి. మొదటిది, ల్యాప్‌టాప్ కంపెనీలు ముందే ఆన్ చేసి పంపే సౌండ్ ఎఫెక్ట్స్: బాస్ బూస్ట్, వర్చువల్ సరౌండ్, మాటలు తేటపరిచే ఎన్‌హాన్స్‌మెంట్లు. చిన్న స్పీకర్ల లోపం దాచడానికి పెట్టిన ఇవి కొన్ని ల్యాప్‌టాప్‌లలో మంచి హెడ్‌ఫోన్స్ తగిలించినా పనిచేస్తూనే ఉంటాయి. గాయకుడి గొంతు మధ్యలో నిలబడకుండా చెదిరినట్టు ఉంటే ముందు అనుమానించాల్సింది వీటినే.

రెండోది బ్లూటూత్ మైకు. పాట బాగానే వస్తుంటుంది. మీటింగ్ యాప్ తెరవగానే పాత ఫోన్ రిసీవర్‌లో విన్నట్టు మారిపోతుంది. హెడ్‌సెట్ పాడైందని టెన్షన్ పడతాం. జరిగిందేమిటంటే, ఆ యాప్ హెడ్‌సెట్ మైకును అడిగింది. సంగీతం పంపే ఏ2డీపీ పద్ధతిలో మైకు పనిచేయదు కాబట్టి సిస్టమ్ హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి దిగింది. అక్కడ సౌండ్ మోనో, శాంప్లింగ్ రేటు సాధారణంగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్. యాప్‌లో మైకును ల్యాప్‌టాప్ సొంత మైకుకు మారిస్తే పాట మళ్లీ మామూలవుతుంది.

## డ్యాక్ ఎప్పుడు తేడా చూపిస్తుంది

అంకెలను విద్యుత్ అలగా మార్చే చిప్ డ్యాక్. అది ప్రతి ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ముందే ఉంటుంది. బయట కొనే పెట్టెతో మూడు మేళ్లు జరుగుతాయని చెబుతారు: గడియారం, శక్తి, శుభ్రత.

గడియారం అంటే జిట్టర్ గురించి. కొలతలను సరిగ్గా సమానమైన వ్యవధిలో వదలకపోతే అల రూపం మారుతుంది. పాత పద్ధతిలో డ్యాక్ కంప్యూటర్ వేగాన్ని అనుసరించాల్సి వచ్చేది కాబట్టి ఈ భయానికి ఆధారం ఉండేది. ఇప్పటి యూఎస్‌బీ డ్యాక్‌లు చాలావరకు అసింక్రనస్. గడియారం డ్యాక్‌లోనే ఉంటుంది, అదే కంప్యూటర్‌ను "ఇంకొంచెం డేటా పంపు" అని అడుగుతుంది, వచ్చింది బఫర్‌లో వేసుకుని తన వేగంలో వదులుతుంది. కంప్యూటర్ డేటా కాస్త ముందూ వెనకా పంపినా జిట్టర్‌కు దారి లేదు. డాల్బీ ఇంజనీర్లు 1998లో చేసిన వినికిడి పరీక్షల్లో, సంగీతంలో జిట్టర్‌ను పట్టడానికి అది పదుల నానోసెకన్ల స్థాయిలో ఉండాల్సి వచ్చింది. ఇప్పటి మామూలు డ్యాక్‌లలో అది ఒక నానోసెకను కంటే బాగా తక్కువ.

శక్తి విషయంలో మాత్రం తేడా నిజంగా ఉంది. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు చాలా ల్యాప్‌టాప్ జాక్‌లు సరిపడా వోల్టేజీ ఇవ్వలేవు. జాక్ సొంత ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డుపడే గుణం) కూడా లెక్కలోకి వస్తుంది. ఒక ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్ బాస్‌లో 16 ఓమ్‌లు, పై స్వరాల్లో 64 అనుకుందాం. జాక్ ఇంపెడెన్స్ 16 అయితే బాస్‌కు అందేది సగం వోల్టేజీ (మైనస్ 6 డెసిబెల్స్), పై స్వరాలకు 80 శాతం (మైనస్ 1.9). అంటే పాట స్వభావమే 4 డెసిబెల్స్ మేర పైకి వంగిపోయింది. అదే ఇయర్‌ఫోన్‌ను 1 ఓమ్ జాక్‌కు పెడితే ఆ తేడా 0.4 మాత్రమే. "డ్యాక్ మార్చగానే బాస్ వచ్చింది" అన్నవాళ్లలో కొందరి అనుభవం వెనక ఉన్నది ఈ లెక్క. దీనికి యాభై వేలు అక్కర్లేదు, వేలెడంత యూఎస్‌బీ-సీ డాంగిల్ చాలు.

## చార్జర్ తీస్తే ఆగే గుయ్‌మన్న చప్పుడు

మూడో మేలు శుభ్రత, అంటే కంప్యూటర్ విద్యుత్ చప్పుడు పాటలో కలవకపోవడం. ల్యాప్‌టాప్‌ను యాంప్లిఫయర్‌కు కలిపితే గుయ్‌మని చప్పుడు. మౌస్ కదిపితే కీచుమని ఇంకో చప్పుడు. చార్జర్ పీకేస్తే నిశ్శబ్దం. డిజిటల్ అంకెలకు దీంతో సంబంధం లేదు, ఇది విద్యుత్ దారి గొడవ. ల్యాప్‌టాప్, యాంప్లిఫయర్ రెండూ ఎర్త్‌కు కలిసి, మధ్యలో ఆడియో కేబుల్ కూడా వాటిని కలిపితే ఒక వలయం ఏర్పడుతుంది. అందులో పారే చిన్న కరెంటు పాటలో కలుస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. రెండు పిన్నుల చార్జర్లతో, ఎర్తింగ్ సరిగ్గా లేని ఇళ్లలో ఇంకో రూపం ఉంటుంది. చార్జర్ లోపలి కెపాసిటర్ల గుండా కారే కొద్దిపాటి కరెంటుకు దిగే చోటు ఉండదు. మెటల్ ల్యాప్‌టాప్ మీద చెయ్యి ఆనిస్తే జివ్వుమనేది అదే, ఆడియో కేబుల్ గుండా యాంప్లిఫయర్‌లోకి దూరేదీ అదే. చప్పుడు పోతుందని ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు. అది ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. ఆప్టికల్ కేబుల్‌లో పోయేది కాంతి కాబట్టి ఆ దారిలో లూప్ ఏర్పడదు. యూఎస్‌బీ ఐసొలేటర్, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు ఇతర మార్గాలు.

ఖరీదైన యూఎస్‌బీ కేబుళ్ల వాదనను ఇక్కడే తూచాలి. కేబుల్ వల్ల అంకెలు మారవు, మారితే పాట టపటపమని తెగుతుంది. కేబుల్ సమర్థకులు చెప్పేది, గ్రౌండ్ తీగ గుండా కంప్యూటర్ విద్యుత్ చప్పుడు డ్యాక్‌లోకి పోతుందని. సూత్రం నిజమే, పై ఉదాహరణే సాక్ష్యం. కానీ అది సంగీతాన్ని "లోతుగా" మార్చదు, గుర్‌మనో కీచుమనో వినిపిస్తుంది, కొలిస్తే దొరుకుతుంది. రెండు కేబుళ్లతో డ్యాక్ అవుట్‌పుట్‌ను రికార్డు చేసి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే మిగిలేదే ఆ తేడా. మంచి డ్యాక్‌కు మామూలు కేబుల్ పెట్టినా అక్కడ సాధారణంగా వినదగ్గది ఏమీ మిగలదు.

## హై-రెస్ మీద పరీక్షలు ఏం చెప్పాయి

బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో ఒక ప్రయోగం ప్రచురించారు. హై-రెస్ (సీడీ కంటే ఎక్కువ రేటు, బిట్లు ఉన్న) డిస్కుల సౌండ్‌ను నేరుగా ఒకసారి, మధ్యలో 16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్ దారి గుండా ఇంకోసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276, అంటే బొమ్మాబొరుసూ వేసినంత. ఆ డిస్కుల్లో కొన్ని అసలు హై-రెస్‌వే కావని విమర్శ వచ్చింది, అది తోసిపారేయదగ్గది కాదు. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రీస్ అదే జర్నల్‌లో 18 ప్రయోగాలను కలిపి లెక్కగట్టారు. 12,500కు పైగా ప్రయత్నాల్లో సరైన జవాబులు 52.3 శాతం. శిక్షణ పొందిన శ్రోతల్లో అంతకంటే బాగా ఎక్కువ. ఇది యాదృచ్ఛికం కాదని గణాంకాలు చెబుతాయి. హై-రెస్ పక్షం వాళ్లు "తేడా ఉందని తేలింది" అంటారు, అవతలి పక్షం "అంత వెతికితే దొరికింది ఇంతేనా" అంటారు. ఇద్దరూ చూపించేది ఒకే అంకెను. నాకు రెండో మాటే బరువుగా తోస్తుంది. పాట వినే ఆనందం ఆ రెండు శాతంలో లేదు.

ఎవరికి వారు తేల్చుకోవాలంటే ఏబీఎక్స్ పరీక్ష ఉంది. ఏ, బీ రెండూ విని, వాటిలో ఒకటైన ఎక్స్ ఏదో చెప్పాలి. 16 సార్లలో 12 సరిగ్గా చెబితే అది గుడ్డిగా తగిలే అవకాశం 3.8 శాతమే. ముందు రెండింటి మోతను 0.1 డెసిబెల్ దాకా సమం చేయాలి. అర డెసిబెల్ ఎక్కువ ఉన్నది "మోతగా ఉంది" అనిపించదు, "స్పష్టంగా ఉంది" అనిపిస్తుంది. ఇంట్లో చేసే పోలికలు ఎక్కువగా ఇక్కడే మోసపోతాయి.

## అసలు పెద్ద తేడా గదిలో

మంచి డ్యాక్‌లో డిస్టార్షన్ 0.001 శాతం ఉంటే, స్పీకర్‌లో బాస్ దగ్గర ఒక శాతం దాటడం మామూలు. ఆపై గది. మన ఇళ్లలో నున్నటి టైల్స్, గట్టి గోడలు, ఖాళీ సీలింగ్. చప్పట్లు కొడితే టంగుమని తిరిగొస్తుంది. మందపాటి కర్టెన్లు, పరుపు, నిండు పుస్తకాల అర ఆ టంగును తగ్గిస్తాయి. అంగుళం మందం ఫోమ్ పలకలు బాస్‌ను ఏమీ చేయలేవు.

బాస్ లెక్క వేరు. 12 అడుగుల పొడవున్న గది అంటే 3.66 మీటర్లు. శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు. 343 ÷ (2 × 3.66) = సుమారు 47 హెర్ట్జ్. ఈ స్వరం రెండు గోడల మధ్య ఊగుతూ నిలిచిపోతుంది. గోడల దగ్గర బాగా పెరుగుతుంది, సరిగ్గా గది మధ్యలో దాదాపు మాయమవుతుంది. గోడకు ఆనుకుని కూర్చున్నవాడికి బాస్ దద్దరిల్లుతుంది, మధ్యలో కూర్చున్నవాడికి అదే పాటలో బాస్ గిటార్ కొన్ని స్వరాలు వినపడవు. స్పీకర్ వెనక గోడ కూడా ఇలాంటి గుంట తవ్వుతుంది. స్పీకర్ గోడకు ఒక మీటరు దూరంలో ఉంటే సుమారు 86 హెర్ట్జ్ దగ్గర వెనక్కెళ్లి తిరిగొచ్చిన అల, నేరుగా వచ్చిన అలను కొట్టేస్తుంది. ఈ ఎత్తుపల్లాలు 10, 20 డెసిబెల్స్ ఉండటం సాధారణం. కుర్చీని రెండడుగులు జరిపితే వచ్చే మార్పు ముందు డ్యాక్‌ల మధ్య తేడా ఎక్కడా నిలవదు.

కంప్యూటర్‌లో వినేవాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటుంది. కొలిచే మైకు ఒకటి కొంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత ప్రోగ్రామ్ గది గ్రాఫ్ గీసి చూపిస్తుంది, ఈక్వలైజర్ ఏపీఓ విండోస్‌లోని మొత్తం సౌండ్‌ను దాని ప్రకారం సరిదిద్దుతుంది. 47 హెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్ గుట్ట ఉంటే అంత మేర తగ్గించవచ్చు, ఫలితం వెంటనే వినిపిస్తుంది. 86 దగ్గరి గుంటను మాత్రం ఈక్వలైజర్‌తో పూడ్చలేం. అక్కడ 10 డెసిబెల్స్ పెంచితే గోడ నుంచి తిరిగొచ్చే అల కూడా అంతే పెరిగి మళ్లీ కొట్టేస్తుంది, యాంప్లిఫయర్ మీద పదింతల భారం మాత్రం పడుతుంది. దానికి స్పీకర్‌నో కుర్చీనో జరిపి మళ్లీ కొలవడమే మార్గం. బిట్ పర్ఫెక్ట్ పక్షం వాళ్లకు ఈక్వలైజర్ అంటే అంకెలను ముట్టుకోవడమే, అది నిజం కూడా. కానీ గది ఆ పాటను ముందే 10 డెసిబెల్స్ వంచేసింది. తిరిగి నిటారుగా నిలబెట్టాలంటే ఆ అంకెలనే మార్చాలి.